ఆమెదీ మీ గ్రూపే

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ల్యాబ్ టెక్నీషియన్లకు ఈమధ్య నరసరావుపేటలో ఒకరోజు శిక్షణ పెట్టారు. రిటైరై ఖాళీగా ఉన్నానని నన్నూ పిలిచారు. అంశం సహానుభూతి. తెర మీద రెండు చేతులు, వాటి మధ్య ఒక గుండెకాయ ఉన్న బొమ్మ వేశారు. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాయన, ఎదుటివాళ్ళ చెప్పుల్లో మన కాళ్ళు పెట్టి చూడాలన్నాడు. మా వైపు ఎదుటివాళ్ళ చెప్పుల్లో కాళ్ళు పెడితే దొంగంటారు నాయనా అని నా పక్కన కూర్చున్న పిల్లతో అన్నాను. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

నా వంతు వచ్చాక లేచి నిలబడ్డాను. "మనిషన్నాక జాలి ఉంటుంది. కాదనను. కానీ అది తన బజారు చివరిదాకా నడిచి అక్కడ చతికిలబడుతుంది. దాన్ని నమ్ముకుని బ్లడ్ బ్యాంకు నడపకండి," అన్నాను. నిర్వాహకుడు గడియారం చూసుకుని టీ తాగొద్దాం రమ్మన్నాడు. టీ అయ్యాక మైకు మళ్ళీ నా దాకా రాలేదు. అక్కడ సగంలో ఆగిన మాట ఆ పిల్లలకే చెబుతున్నట్టు ఇక్కడ పూర్తి చేస్తాను. కాగితం మీద నా చేతిలోంచి మైకు లాక్కునేవాళ్ళు ఎవరూ లేరు.

నేను పనిచేసిన ఆసుపత్రి ఏ ఊళ్ళోదో చెప్పను. పల్నాడులో ఒక సర్కారు ఆసుపత్రి, అంతే. రక్తం తీయడం, ఏ గ్రూపో చూడడం, రోగి రక్తంతో కలుస్తుందో లేదో పరీక్షించి ఇవ్వడం నా పని. రక్తం అందరిదీ ఎరుపేనని వేదికల మీద చెబుతుంటారు. నిజమే. అయితే ఆ ఎరుపులో తేడాలు కనిపెట్టినందుకే సర్కారు నాకు జీతమిచ్చింది. ఒకరిది తెచ్చి ఇంకొకరికి తప్పుగా ఎక్కిస్తే మనిషి దక్కడు. తేడాలు లేవని నేనెప్పుడూ అనలేదు. ఏ తేడా లెక్కలోకొస్తుంది, ఏది రాదు అన్నదే నా గొడవంతా.

మా వైపు గ్రూపు అంటే రక్తం గుర్తుకు రాదు. ప్రతి ఊళ్ళో రెండు గ్రూపులుంటాయి. పెళ్ళిళ్ళు, చావులు, టీ కొట్లు, కడకు మంగలి షాపులు కూడా గ్రూపుల వారీగానే ఉంటాయి. నేను సూది పట్టుకుని "నీదేం గ్రూపయ్యా?" అని అడిగితే ఎదుటివాడు ఛాతీ విరుచుకుని "మా తాతల కాడ్నించీ పెద్దాయన గ్రూపే మేడం" అనేవాడు. మా అటెండరు, ఆ ఆసుపత్రి గోడలంత పాతవాడు, ఆ మాట విన్నప్పుడల్లా "పెద్దాయన గ్రూపు పాజిటివా నెగెటివా కనుక్కోండి మేడం" అని వంత పాడేవాడు.

నా సంగతి తెలుసుకోవాలని కూడా జనానికి తెగ ఆరాటం. "మీరెవురోళ్ళు మేడం?" అని అడిగేవారు. ఏబీ పాజిటివ్ అనేదాన్ని. "అట్టా కాదు మేడం, మీరు... ఎవురోళ్ళని?" "ఎట్టా అడిగినా ఏబీ పాజిటివే," అనేదాన్ని. మా నాన్న క్రోసూరు వైపు మిషన్ బడిలో పంతులు, మేము చర్చికి పోయేవాళ్ళమని ఆసుపత్రిలో సగం మందికి తెలుసు. తెలిసినా నా నోటితో చెప్పించుకుంటేగాని వాళ్ళకు తృప్తి ఉండదు. ఆ తృప్తి నేను ఎవరికీ ఇవ్వలేదు.

ఇంకో సంగతి. రక్తం ఇవ్వమని అడిగితే ఎంత తీస్తారు, నొప్పెడుతుందా అని కదా ముందు అడగాలి. మా దగ్గర మొదటి మాట "ఎవురికి?" మనోళ్ళకే అని తెలిస్తే ట్రాక్టరు నిండా జనం వచ్చి దిగుతారు. కాదని తెలిస్తే అందరికీ అప్పటికప్పుడు పనులు గుర్తొస్తాయి.

అవి మిర్చి కోతల రోజులు. పొద్దు బాగా ఎక్కాక వెల్దుర్తి వైపు పల్లె నుంచి రెండు జీపులూ ఒక ట్రాక్టరూ వచ్చి ఆసుపత్రి ముందు ఆగాయి. ఊళ్ళో ఫ్లెక్సీ కట్టే దగ్గర రెండు గ్రూపులకూ మాటా మాటా పెరిగి ఒకాయన తల పగిలింది. ఆయన ఒక గ్రూపు పెద్దకు సొంత తమ్ముడు. తల గాయం కదా, చూడ్డానికి భయంకరంగా నెత్తురు కారుతోంది. ఎందుకైనా మంచిది, రక్తం సిద్ధంగా ఉంచమని సర్జన్ గారు కబురు పంపారు.

సిద్ధం చేయడానికి నేను వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ల్యాబ్ నిండా మగాళ్ళే. చొక్కా చేతులు మడిచి, "నాది తీయండి మేడం", "ముందు నాది", "ఎంత కావాలంటే అంత లాగండి, మా అన్న బతకాల" అని తోసుకుంటున్నారు. ఒకడు ఏడుస్తున్నాడు. వాళ్ళను ఎగతాళి చేయడానికి ఇదంతా చెప్పడం లేదు, ఆ ఏడుపు నిజమైనదే. వేలి మీద సూదితో గుచ్చి ఒక్కొక్కరి గ్రూపు చూసుకుంటూ పోయాను.

వాళ్ళలో ఒక ట్రాక్టరు డ్రైవరు ఉన్నాడు. మీసాలు చూస్తే పులిలా ఉన్నాడు, సూది చూడగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోలేదు. అతనిది బీ నెగెటివ్, మా వైపు ఎప్పుడో గాని తగలని గ్రూపు. "మా అన్నకు పనికొత్తదా మేడం?" అని అడిగాడు. రాదన్నాను. అంత మనిషీ మొహం చిన్నబుచ్చుకుని బయటికి పోయి గోడకానుకుని నిలబడ్డాడు.

ఇంతలో సర్జన్ గారు బయటికి వచ్చి, కుట్లు వేశాను, ఎముకకేం కాలేదు, రక్తం అక్కర్లేదు అన్నారు. ల్యాబ్‌లో ఉన్నవాళ్ళంతా ఈలలు వేశారు. మడిచిన చొక్కా చేతులు దించుకుని టీలకు పోయారు.

వాళ్ళ టీలు పూర్తికాక ముందే కాన్పుల వార్డు డాక్టరమ్మ తనే పరుగెత్తుకుంటూ ల్యాబ్‌కు వచ్చింది. చిన్నపిల్ల, చేరి ఏడాది కూడా కాలేదు. మిర్చి కోతలకు వచ్చిన కూలి మనిషికి చేలోనే కాన్పయిందట. బిడ్డ బాగానే ఉంది. మాయ పడక తల్లికి నెత్తురు ఆగడం లేదు. పరీక్ష చేశాను. బీ నెగెటివ్.

మా ఫ్రిజ్‌లో నెగెటివ్ రక్తం చుక్క లేదు. గుంటూరు నుంచి తెప్పించవచ్చు. "అది వచ్చేదాకా ఆమె ఉండదు మేడం," అంది డాక్టరమ్మ. భర్త చెయ్యి చాపాడు, అతనిది కలవలేదు. తోడు వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళూ పాలిపోయి ఉన్నారు, వాళ్ళకే ఎవరైనా ఎక్కించాలి. మా అటెండరు ఫోన్లో రక్తదాతల వాట్సాప్ గ్రూపులో సంగతి పెట్టాడు. గ్రూపంటే ఇది మూడో రకం. దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పడ్డాయి. ఒకాయన మాత్రం "పేషెంటు ఎవరి తాలూకు?" అని రాశాడు. వలస కూలి అని మేము జవాబు పెట్టాం. ఆయన కూడా ఒక దండం పెట్టి ఊరుకున్నాడు.

నేను బయటికి వెళ్ళాను. జీపుల పక్కన టీ గ్లాసులతో నిలబడ్డ వాళ్ళ దగ్గరికి పోయి, "మీలో ఒకతనిది బీ నెగెటివ్. లోపల ఒక బాలింత ప్రాణం మీదికొచ్చింది. అతను ఇస్తే బతుకుతుంది," అన్నాను.

"ఎవురు మేడం?"

"కోతలకొచ్చిన పిల్ల."

"ఏ ఊరు?"

"ఆదోని తట్టట."

"ఓ... అంత దూరమోళ్ళా." ఆ గొంతులో బరువు దిగినట్టు వినపడింది. తర్వాత ఒక్కొక్కరు ఒక్కో మాట. "వాళ్ళోళ్ళు ఎవురూ లేరా?" "వాళ్ళ మేస్త్రీ ఏం జేత్తన్నాడు?" "మా అన్నకు మళ్ళా అవసరం పడితే మేమేం కావాల?" చెడ్డవాళ్ళు కారు. ఒకతను పోయి ఆమె భర్తకు టీ, బన్నూ ఇప్పించాడు. ఇంకొకతను జీపులోంచి దుప్పటి తీసి ఆ ఆడవాళ్ళకు ఇచ్చాడు. రక్తం తప్ప అన్నీ ఇచ్చారు.

మీకు ఒక నిజం చెప్పాలి. నాకు కూడా ఆ పిల్ల మీద జాలి కలగలేదు. అప్పటికి ఆమె మొహం నేను చూడలేదు, నా దగ్గరికి వచ్చింది గాజు సీసాలో కాస్త రక్తమే. ఆమె పేరేమిటో, ఊళ్ళో ఎవరున్నారో ఆలోచించనేలేదు. నాకు వచ్చింది కోపం. ఇందాక తోసుకుంటూ చాపిన చేతులే ఇవి. ఇంతలోనే ఎవరి చెయ్యి వాళ్ళ జేబులోకి ఎట్లా పోయిందన్న కోపం. ఆ రోజు జాలి కోసం నాలో నేను వెతుక్కుంటూ కూర్చుని ఉంటే, దొరికేదో లేదో గానీ ఆమె మాత్రం పోయేది.

డ్రైవరు మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాను. "చూడయ్యా, ఇవ్వగలిగింది నువ్వొక్కడివే," అన్నాను. అతను ఒకసారి తన వాళ్ళ వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మేడం, ఆమె మా గ్రూపేనా?"

అతను ఏమడుగుతున్నాడో నాకు తెలుసు. వాళ్ళ గ్రూపు పెద్దాయన చేలో కోతకు వచ్చిన కూలీయేనా అని అడుగుతున్నాడు. ఆ చేను ఎవరిదో నాకు తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. నాకు తెలిసిందల్లా నేను చేసిన పరీక్ష.

"ఆమెదీ మీ గ్రూపే. ఇందాకే నా చేత్తో చూశాను," అన్నాను.

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అని నాకన్నా ముందు నడిచి, ల్యాబ్‌లోకి పోయి బల్ల మీద పడుకుని కళ్ళు మూసుకున్నాడు. మా అటెండరు నా వైపు చూసి, "మేడం, తాడు మీద నడుస్తన్నారు," అన్నాడు. "నువ్వు కింద నిలబడి పట్టుకో," అన్నాను.

రక్తం తీసుకుని, చేయాల్సిన పరీక్షలు మొదలుపెట్టాను. డ్రైవరు మోచేతి మడతలో దూది పెట్టుకుని వరండాలో కూర్చుని పళ్ళరసం తాగుతున్నాడు. ఇచ్చింది ఇతనేనని ఎవరో చెబితే ఆమె భర్త వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. "సామీ, దేవునట్ల వచ్చినావు. మా ఆడమనిషి బతికితే నీ పేరు చెప్పుకుంటాము," అన్నాడు.

డ్రైవరు సిగ్గుపడి అతన్ని లేపాడు. "మనోళ్ళకు మనం చేసుకోకపోతే ఎట్టా. ఇంతకీ మన పెద్దాయన ఏ చేలో కోత మీకు?"

ఆ అమాయకుడు తను పనిచేస్తున్న ఆసామి పేరు చెప్పాడు. అది ఎదుటి గ్రూపు పెద్ద పేరు. పొద్దున తల పగలగొట్టింది ఆయన మనుషులే.

ల్యాబ్ గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు వినేసరికి పరీక్షలన్నీ అయి, రక్తం సంచి నా చేతిలో ఉంది. ముందు నిలబడింది డ్రైవరు వాళ్ళ గ్రూపు పెద్ద. తెల్లచొక్కా మీద తమ్ముడి నెత్తురు మరకలు అట్లాగే ఉన్నాయి.

"మేడం, ఆ సంచి ఇటియ్యి."

"ఎందుకయ్యా?"

"అది మావోడి రక్తం. వాళ్ళ కూలికి ఎక్కనియ్యను."

"మీవాడి ఒంట్లో ఉన్నంతసేపూ మీవాడిది. ఇప్పుడు ఆసుపత్రిది."

"గ్రూపని అబద్ధం జెప్పి మావోణ్ణి మోసం చేశావు నువ్వు."

"గ్రూపు అడిగాడు, చెప్పాను. నేను చదువుకున్న గ్రూపులు నాలుగే నాలుగు. వాటిలో మీ పేరూ లేదు, వాళ్ళ పేరూ లేదు."

సంచిని రెండు చేతులతో పట్టుకున్నాను. సూపరింటెండెంటు గారు తన గదిలోంచి తల బయటపెట్టి చూసి మళ్ళీ తలుపు వేసుకున్నారు. మా అటెండరు తడిగుడ్డ కర్ర పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆ కర్రతో ఎవరినీ ఏమీ చేయలేడు, అయినా వచ్చి నిలబడ్డాడు. కాన్పుల వార్డులోంచి డాక్టరమ్మ "మేడం, త్వరగా!" అని అరిచింది.

ఆ పెద్దాయన వెనక్కి తిరిగి డ్రైవరును ముందుకు లాగాడు. "ఒరేయ్, నువ్వడగరా. నీది నువ్వు ఎనక్కడుగు. అప్పుడెట్టా ఇయ్యదో చూస్తా."

అందరూ అతని మొహమే చూస్తున్నారు. నేనూ చూశాను. అతను తిరిగి ఇవ్వమంటే ఏం చేయాలో నాకు నిజంగా తెలియదు.

"ఈమె నిజం జెప్పుంటే ఇచ్చేవోణ్ణి కాదన్నా. నీ మీదొట్టు," అన్నాడు మెల్లగా. మోచేతి దగ్గర దూది తీసి చూసుకున్నాడు. "ఇచ్చినాక ఇప్పుడు ఎనక్కి తీసుకుని నేనేం జేసుకోను? పులుసెట్టుకోనా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో నోరుముయ్యమని కసిరారు. ఎవరు నవ్వారో చూద్దామని పెద్దాయన తల తిప్పాడు. ఆ కాస్త సందులోంచి నేను సంచి గుండెకు పొదువుకుని బయటపడ్డాను. కాన్పుల వార్డు తలుపు దగ్గర డాక్టరమ్మ చేతికి ఇచ్చేదాకా వెనక్కి చూడలేదు.

ఆమె బతికింది. సాయంత్రం పోయి మొదటిసారి మొహం చూశాను. సన్నగా ఉంది, నిద్రపోతోంది, కాయలు కోసి కోసి వేళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అప్పటి నుంచి మాకు అక్కాచెల్లెళ్ళ బంధం ఏర్పడిందని రాస్తే మీకు బాగుంటుంది గానీ అలాంటిదేమీ జరగలేదు. కోలుకున్నాక వెళ్ళిపోయారు. ఆమె నాకు ఏమీ కాలేదు, కావాల్సిన అవసరమూ లేదు.

తర్వాత వారం ఆసుపత్రికి పెద్దల ఫోన్లు వచ్చాయి. సూపరింటెండెంటు గారు నన్ను పిలిపించారు. మంచి డాక్టరు, గొడవలంటే గిట్టని మనిషి. "పొరపాటున అలా చెప్పానని ఒక్క ముక్క రాసివ్వండమ్మా. ఇక్కడితో అయిపోతుంది," అన్నారు.

"పొరపాటున చెప్పలేదు సార్. కావాలనే చెప్పాను."

"ఆ సంగతి నాకు తెలుసు. రాయడానికేం?"

"రాసిస్తే, రేపు ఇంకొకడు అదే ప్రశ్న అడిగినప్పుడు నేనేం చెప్పాలి సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను రాసివ్వలేదు. నన్ను మాచర్ల దాటాక ఇంకో బస్సు మారితే గాని చేరలేని చోటికి బదిలీ చేశారు.

తోటివాళ్ళు దండ వేసి పంపారు. వాళ్ళు ఇచ్చిన సలహాలే నాకు బదిలీ కన్నా ఎక్కువ గుచ్చుకున్నాయి. "మీవాళ్ళయినా కాదు గదా, నీకెందుకమ్మా అంత?" అని ఒకావిడ బుగ్గలు నొక్కుకుంది. ఇంకొకావిడ ఆమె చెవిలో, "వాళ్ళు కూడా చర్చోళ్ళేనేమో, అందుకే ఈమె అంత చేసింది," అంది. వాళ్ళు చర్చివాళ్ళు కారని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు పాపం, ఆ ఇద్దరికీ అంతసేపూ ఉన్న ఒక్క కారణమూ చేజారిపోయింది. చదువుకున్నవాళ్ళు, జీతాలు తీసుకునేవాళ్ళు. ఆ టీ గ్లాసుల వాళ్ళకూ వీళ్ళకూ బట్టల్లోనే తేడా.

మీ శిక్షణలో దాత అనుమతి గురించి చెప్పే ఉంటారు. మేడం, మీరు అతన్ని మోసగించారు కదా అని మీరు అడగవచ్చు. ఇస్తావా అని అడిగాను, చెయ్యి చాపాడు. అతని ఒంటికి సంబంధించింది ఏదీ దాచలేదు. ఎవరికి ఎక్కుతుందన్నది మాత్రం దాత అడగాల్సిన ప్రశ్న కాదు. అడగకూడని ప్రశ్న అడిగాడు కాబట్టి నాకు నచ్చిన జవాబు చెప్పాను. తప్పంటే అనండి. ఇవాళ ఆ గుమ్మంలో నన్ను మళ్ళీ నిలబెట్టండి, అక్షరం మార్చకుండా అదే చెబుతాను.

రిటైరవడానికి కొద్ది రోజుల ముందు మాచర్ల బస్టాండులో అతను కనబడ్డాడు. చంకలో ఫ్లెక్సీల చుట్ట ఉంది. మీసాలు నెరిశాయి.

"బాగుండారా మేడం?"

"బాగున్నానయ్యా. ఇంకా ఆ గ్రూపులోనే ఉన్నావా?"

"యాడికి పోతా మేడం. అన్న చానా రోజులు మాట్టాళ్ళేదు నాతో. మళ్ళా తనే పిలిచాడు." చుట్టను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. మా బస్సు వచ్చింది. నేను కదలబోతుంటే అడ్డం వచ్చాడు. "మేడం, నాది దొరకని గ్రూపంట గదా. మళ్ళా ఎప్పుడన్నా కావాల్సొస్తే ఫోన్ చెయ్యండి, వస్తా. ఒక్కటే మాట."

"ఏంటి?"

"ఎవురికని నాకు చెప్పమాకండి."

"నువ్వే అడిగితే?"

"అడిగినా చెప్పమాకండి."

కుర్చీ అప్పగించిన రోజు, నా తర్వాత వచ్చిన అమ్మాయికి ఫ్రిజ్ తాళాలతో పాటు అతని నంబరూ ఇచ్చాను. పిలిస్తే వస్తాడు, ఎవరికని మాత్రం చెప్పకు అన్నాను.

"ఏం మేడం, మంచివాడు కాదా?" అంది.

"అందరిలాంటివాడే," అన్నాను.